పొగగొట్టం వేడిమి – మన వస్త్రధారణ



ఛందస్సు గురించో, సంధుల గురించో టపా వ్రాయవలసిన తెలుగు పండితుడు సైలెన్సరు గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం ఉన్నది. ముప్పై ఏండ్లకు పైబడి పాఠశాలలలో పనిచేసినవాడిని. వరుసలో నిలబడిన పిల్లల కాళ్ళు చూడడం మా వృత్తిలో ఒక భాగం. నేను ఉద్యోగంలో చేరిన రోజులలో పిల్లల కాళ్ళ మీద ముళ్ళ గీతలు, గజ్జి మచ్చలు కనిపించేవి. పదవీ విరమణ నాటికి అవి తగ్గిపోయి, వాటి స్థానంలో మరొక మచ్చ వచ్చింది. కుడికాలి పిక్క లోపలి వైపున, రూపాయి బిళ్ళంత మొదలుకొని అరచేయంత వరకు, నున్నగా మెరిసే మచ్చ అది. "ఏమిట్రా ఇది?" అంటే, "సైలెన్సరు కాలిందండీ" అని ఎంతో మామూలుగా చెప్పేవారు. పొంగు, ఆటలమ్మ వలె బాల్యంలో ఒకసారి వచ్చిపోయే వ్యాధి పేరు చెప్పినట్లు ఉండేది ఆ సమాధానం.

ఆ మామూలుతనమే నన్ను బాధించింది. మోటారు సైకిలు ఎక్కే మనుషులు ఏమి కట్టుకోవాలన్న విషయంలో మన ప్రాంతంలో ఆలోచనే లేదని నా అభిప్రాయం. ఉన్న కాస్త ఆలోచన కూడా ఎండను గురించినది మాత్రమే. ఎండ పైనుండి వస్తుంది. వేసవి తీరితే పోతుంది. ఇంజను వేడి క్రిందనుండి, ప్రక్కనుండి వస్తుంది. పన్నెండు నెలలూ ఉంటుంది. కనుక వాహనం ఎక్కేటప్పుడు బట్టలను, ముఖ్యంగా నడుము క్రింది బట్టలను, ఎండకంటె ముందు ఇంజనును తలచుకొని ఎంచుకోవాలని నా వాదన.

ముందుగా వేడి సంగతి. మా పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకరు దీనిని నాకు తేలికగా బోధపరచారు. పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే బండిని నడపడానికి ఉపయోగపడుతుందట. మిగిలినదంతా వేడిగా మారి, కొంత ఇంజను ఒంటి మీది రెక్కల ద్వారా, కొంత పొగగొట్టం ద్వారా బయటకు పోవాలి. అంటే మనం బండి నడుపుతున్నామని అనుకొంటాము గాని, లెక్క ప్రకారం మోకాళ్ళ మధ్య ఒక పొయ్యి పెట్టుకొని, దాని మిగులు బలంతో కదులుతున్నామన్నమాట! బండి సాగుతున్నంతసేపు ఎదురుగాలి ఆ వేడిని వెనుకకు తోసేస్తుంది. కూడలి దగ్గర ఎర్రదీపం పడి ఆగినప్పుడు గాలి ఆగుతుంది, పొయ్యి ఆగదు. నీటితో చల్లబరచే కొత్తరకం పెద్ద బండ్లలోనైతే రేడియేటరు ఫ్యాను అప్పుడే తిరగడం మొదలుపెట్టి, వడగాలి వంటి గాలిని నేరుగా మోకాళ్ళ మీదికి కొడుతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో అమ్మే కొత్త బండ్లకు బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. పొగలోని విషవాయువులను విరిచే క్యాటలిటిక్ కన్వర్టరు అనే భాగం అంతకు ముందు కూడా ఉన్నదే గాని, దాని పని ఇప్పుడు మరింత పెరిగింది. అది సరిగా పనిచేయాలంటే సుమారు 250 డిగ్రీల పైన వేడెక్కాలి. ఊపిరితిత్తులకు మేలు చేసే ఏర్పాటే అది. అందులో సందేహం లేదు. అయితే అంత వేడి వస్తువు మన కాలికి జానెడు దూరంలో ఉన్నదన్న సంగతిని బట్టలు కొనేటప్పుడు ఎంతమందిమి గుర్తుంచుకొంటున్నాము?

వేడి మూడు దారులలో ప్రయాణిస్తుందని పాఠ్యపుస్తకాలలో మనమందరమూ చదువుకొన్నాము: వహనం, సంవహనం, వికిరణం. తాకితే కాలడం మొదటిది. వేడిగాలి వచ్చి కొట్టడం రెండవది. తాకకుండానే, గాలి లేకుండానే, కుంపటి ముందు కూర్చొన్నట్లు సెగ తగలడం మూడవది. వాహనం మీద మన కాళ్ళకు ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి. బట్ట ఈ మూడింటికీ సమాధానం చెప్పగలగాలి. సంస్కృతంలో వస్త్రం అనే మాట పుట్టిన ధాతువుకు కప్పుట అని అర్థం. అలంకారం, హోదా, ఫ్యాషను తరువాత వచ్చి చేరినవి. మొదటి పనిని మరచిన బట్ట ఎంత అందంగా ఉన్నా వస్త్రమనిపించుకోదు.

ఇక బట్టల విషయం. పాలియెస్టరు సుమారు 250-260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నైలాను రకాన్ని బట్టి ఇంచుమించు అదే స్థాయిలోనో, ఇంకా తక్కువ వేడికో కరుగుతుంది. పూర్తిగా కరగకముందే మెత్తబడి, తాకినదానికి అంటుకొంటుంది. నూలు కరగదు, ఎక్కువ వేడి తగిలితే మాడుతుంది, మంట తగిలితే అంటుకొంటుంది గాని, జిగురుగా మారి చర్మానికి పట్టుకోదు. ఉన్ని, తోలు కూడా కరిగేవి కావు. సైలెన్సరు దగ్గర ఈ భేదం ప్రాణసమానమైనది. ముతక నూలు లాగు గొట్టానికి తగిలితే కమురు వాసన వచ్చి, కాలు వెనుకకు తీసుకోవడానికి ఒక క్షణం గడువు దొరుకుతుంది. పలుచని సింథటిక్ లెగ్గింగు తగిలితే ఆ గడువు దొరకదు. పైగా కరిగిన పదార్థమే వేడిని మోసుకొని చర్మం మీద కూర్చొంటుంది.

బిగుతు సంగతి కూడా చెప్పాలి. చర్మానికీ బట్టకూ మధ్య నిలిచిన గాలి వేడిని సులభంగా లోపలికి పోనివ్వదు. ఒంటికి అతుక్కొన్న బట్టలో ఆ గాలి పొర ఉండదు. చెమటతో తడిసి అతుక్కొన్న పలుచని బట్ట మరీ ప్రమాదకరం. పొడి గాలికంటె నీరు వేడిని త్వరగా చేరవేస్తుంది. అట్లాగని కుచ్చెళ్ళు పోసినట్లు వదులుగా ఉంటే గాలికి ఎగిరి గొట్టం మీద పడుతుంది, చక్రంలో చిక్కుకొంటుంది. కనుక పిక్క దగ్గర వ్రేలు దూరేంత వదులు, చీలమండ దగ్గర దగ్గరగా ఉండే అంచు – ఇది మధ్యేమార్గం. కొట్టులో జీన్సు కొనేటప్పుడు లోపలి చీటీ చదవండి. జీన్సు అన్నంత మాత్రాన అంతా నూలు కాదు. సాగే గుణం కోసం సింథటిక్ దారం కలిపినవి నేడు చాలా ఉన్నాయి. అది ఒకటి రెండు పాళ్ళుంటే చింత లేదు. సగానికి సగం ఉంటే మాత్రం దానిని ఇంట్లో కట్టుకోండి, బండి మీద వద్దు.

డబ్బు పెట్టగలవారికి వాహనం కోసమే కుట్టిన లాగులు దొరుకుతున్నాయి. వాటిలో చాలా వరకు నైలాను, పాలియెస్టరులతో నేసినవే. రోడ్డు మీద పడి జారినప్పుడు రాపిడిని తట్టుకోవడంలో అవి మామూలు జీన్సుకంటె మేలు. మామూలు నూలు లాగు ఆ రాపిడికి ఎక్కువసేపు నిలవదని ఒప్పుకోవలసిందే. అయితే అటువంటి లాగు కొనేవారు ఒక చోట మాత్రం తప్పక చూడాలి – మోకాలి లోపలి వైపు, పిక్క లోపలి వైపు. అక్కడ తోలు గాని, వేడిని తట్టుకొనే వేరే బట్ట గాని అతికి కుట్టినదే బండి మనసెరిగి కుట్టినది. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన కెవ్లార్, ఆ జాతికే చెందిన ఇతర అరామిడ్ నూళ్ళు వేడికి కరగవు, సులభంగా తెగవు. వాటితో అస్తరు వేసిన జీన్సు ఇప్పుడు మన నగరాలలోనూ దొరుకుతున్నది. రాపిడికీ సెగకూ రెండింటికీ పనికివచ్చేది అదే.

"రెంటచింతల ఎండలో, రామగుండం వడగాలిలో జీన్సు, బూట్లు వేసుకొని తిరగమంటారా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నా సమాధానం ఇది. గాలి మన చర్మంకంటె చల్లగా ఉన్నంతవరకు ఒంటికి గాలి తగలడం హాయి. మన చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 43 డిగ్రీలున్నప్పుడు ఎదురుగాలి మనకు వేడిని ఇచ్చేదే గాని తీసుకొనేది కాదు. అప్పుడు చల్లబరచేది చెమట ఒక్కటే. ఒళ్ళు విప్పుకొని తిరిగితే ఆ చెమట క్షణాలలో ఎగిరిపోయి, నీరు నష్టమై, మనిషి సోలిపోతాడు. పొలం పనికి వెళ్ళే మన రైతు మిట్టమధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టి, నిండు చేతుల చొక్కా తొడుక్కొనేది ఇందుకే. నడుము పైన తెల్లని లేదా లేతరంగు నూలు చొక్కా, నిండు చేతులు, పైన వల అల్లిక గల జాకెట్టు ఉంటే గాలి ఆడుతుంది, చెమట తన పని తాను చేస్తుంది. తెలంగాణ పొడి ఎండలో లోపలి చొక్కాను తడిపి తొడుక్కొన్నా హాయిగా ఉంటుంది. విశాఖ, కాకినాడల ఉక్కపోతలో తడి ఆరదు కనుక ఆ ఉపాయం అంతగా పనిచేయదు. అక్కడ వదులు, పలుచదనం ముఖ్యం. కాని ఈ పలుచదనం నడుము పైవరకే. నడుము క్రింద దళసరి బట్టే కావాలి. ఒకే మనిషికి పైన ఒక ఋతువు, క్రింద ఒక ఋతువు అనుకోండి!

మా అలంకారశాస్త్రంలో క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని గురించి చర్చిస్తూ, మొలనూలు మెడలో వేసుకొని, హారం నడుముకు చుట్టుకొన్నవారిని చూసి ఎవరు నవ్వరని అడుగుతాడు. మన పట్టణాలలో స్కూటరు మీద వెళ్ళే ఆడపిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ మాట జ్ఞాపకం వస్తుంది. ఇందులో నవ్వు లేదు, జాలి ఉన్నది. ముఖానికి చున్నీ చుట్టుకొంటారు, మోచేతుల పైదాకా తొడుగులు వేసుకొంటారు, దాని మీద చలువకోటు తొడుక్కొంటారు. అంత జాగ్రత్త పైన! క్రిందికి వచ్చేసరికి చర్మమంత పలుచని లెగ్గింగు, కాలికి రబ్బరు చెప్పు. రంగు తగ్గుతుందన్న భయం ఎండ నుండి కాపాడింది గాని, కాలుతుందన్న భయం సైలెన్సరు నుండి కాపాడలేదు. ఈ పిల్లలు తెలివితక్కువవారు కారు. వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

వెనుక కూర్చొనే ఇల్లాలి సంగతి ఇంకొకటి. మన దేశపు మోటారు సైకిళ్ళలో చాలా వాటికి గొట్టం కుడివైపున ఉంటుంది. చీర కట్టుకొన్నవారు ఎడమకు కాళ్ళు వేసి ఒకవైపుగా కూర్చొంటారు కనుక కాళ్ళు దానికి దూరమే. పాత జావా, యెజ్డీల వంటి రెండు గొట్టాల బండ్ల మీద ఆ భాగ్యం కూడా లేదు. కాని కొంగు ఉన్నది కదా! జార్జెట్టు, షిఫాను వంటి సింథటిక్ చీరల కొంగు, చున్నీ గాలికి కుడివైపు జారి గొట్టాన్ని తాకితే ముడుచుకుపోయి కరుగుతుంది. చక్రంలో పడితే మెడకు ఉరి అవుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం వెనుక కూర్చొనేవారి కోసం చేతిపట్టు, కాలు పెట్టుకొనే కమ్మీ, బట్టలు చక్రంలో చిక్కకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలని చెప్పింది. మనం శారీగార్డు అనేది అదే. బండి అందం చెడుతుందని కొన్న వారానికే దానిని ఊడదీయించే కుర్రకారును చూస్తున్నాను. సైలెన్సరు మీది రేకు కవచానిదీ ఇదే గతి. పెద్ద మ్రోత కోసం కంపెనీ సైలెన్సరు తీసి వేరొకటి బిగించేటప్పుడు ఆ కవచం కూడా పోతుంది. అటువంటి సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు క్రింద తొక్కించిన వార్తలు అప్పుడప్పుడు చూస్తున్నాము. అవి చెవులకు చేసే హాని గురించి అందరూ మాట్లాడారు. కాళ్ళకు చేసే హాని గురించి మాట్లాడినవారు నాకు కనబడలేదు.

పిల్లల విషయంలో నా ఆవేదన ఎక్కువ. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను తల గురించి చెప్పింది. 2019 సవరణతో నాలుగేళ్ళు పైబడిన ప్రతివారికీ శిరస్త్రాణం అవసరమైంది. 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులోకి తెచ్చిన నియమం నాలుగేళ్ళ లోపు పసివారికి కూడా శిరస్త్రాణం, నడిపేవారితో కలిపి కట్టే రక్షణ పట్టీ, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం విధించింది. మంచి నియమాలు. తల గురించి ఆలోచించిన చట్టం కాలి గురించి ఆలోచించలేదని నేను తప్పు పట్టను. ప్రాణం తలలో ఉన్నది. కాలి గురించి ఆలోచించవలసినవారు తల్లిదండ్రులు. నిక్కరు వేసిన ఆరేళ్ళ పిల్లవాడిని వెనుక ఎక్కించుకొంటారు. వాడి కాళ్ళు కమ్మీలకు అందవు, వ్రేలాడుతూ ఉంటాయి. బడి ముందు బండి ఆగగానే వాడు తొందరలో కుడివైపునకు జారుతాడు. అంతే! అయిదు మైళ్ళు నడచి వచ్చిన గొట్టం మీద లేత పిక్క. లోహం 60 డిగ్రీలుంటే కొద్ది సెకన్లలో చర్మం కాలుతుంది. గొట్టం అంతకంటె ఎన్నో రెట్లు వేడిమీద ఉంటుంది.

ఎప్పుడైనా ఎడమవైపుననే ఎక్కాలి, దిగాలి అనే ఒక్క అలవాటు నేర్పితే ఈ ప్రమాదాలలో ఎక్కువ భాగం తప్పుతుంది. గొట్టం ఏవైపున ఉన్నదో పిల్లవాడికి బండి చల్లగా ఉన్నప్పుడే చూపించాలి. ఇక బట్ట మాటకు వస్తే, చిన్న తరగతుల పిల్లలకు యూనిఫారంగా నిక్కరు, పొట్టి గౌను పెట్టే పాఠశాలలు, బండి మీద వచ్చే పిల్లలకు నిండు లాగును, నిండు పైజమాను అనుమతించాలని ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం. అదీ కుదరకపోతే, పాత నూలు ప్యాంటు కాళ్ళను కత్తిరించి, రెండు చివరలా నాడా దూర్చి, దారిలో తొడిగి బడి దగ్గర తీసేయవచ్చు. దర్జీకి పది నిమిషాల పని. బాలికల విషయంలో ఇది మరీ అవసరం. పిక్క మీది మచ్చను కప్పుకోవడానికి ఏడాదంతా పరికిణీ క్రిందికి లాక్కొంటూ, ఆటల పోటీలలో పేరు ఇవ్వడానికి వెనుకాడిన ఒక ఏడవ తరగతి అమ్మాయి నాకు తెలుసు. చక్కగా పరుగెత్తే పిల్ల. గాయం మూడు వారాలలో మానింది. సిగ్గు మూడేళ్ళు మానలేదు.

వానాకాలపు ముచ్చట ఒకటి చెప్పి తీరాలి. వానకోటుతో పాటు వచ్చే ప్లాస్టిక్ లాగు వదులుగా, పొడవుగా ఉంటుంది. దాని అంచు గొట్టానికి తగిలి కరిగి, నల్లని ముద్దగా అంటుకొన్న బండ్లను మెకానిక్కుల దగ్గర ఎన్నో చూడవచ్చు. వానలో గొట్టం చల్లగా ఉంటుందనుకోవడం భ్రమ. ఆ లాగు అంచును చీలమండ దగ్గర రబ్బరు పట్టీతో బిగించుకొంటే చాలు. కాలికి మాత్రం చీలమండ దాటిన తోలు బూటు ఉండాలి. మేజోళ్ళు నూలువి కావాలి.

మన ఇంటికి అన్నం తెచ్చి ఇచ్చే కుర్రవాళ్ళను కూడా తలచుకోవాలి. రోజుకు పది పన్నెండు గంటలు ఇంజను మీద కూర్చొనేవారు వారు. సంస్థలు వారికి ఇచ్చేది తమ పేరు అచ్చు వేసిన సింథటిక్ చొక్కా. పేరు కనిపించేది వీపు మీద కనుక ఖర్చు అక్కడ పెడతారు. లాగు ఎవరికీ కనబడదు కనుక అది కుర్రవాడి ఖర్చు. దళసరి నూలు లాగులు రెండు, తోలు బూట్లు ఒక జత ఇవ్వడం పనిముట్టు ఇవ్వడం వంటిదే గాని దానం కాదు. కమ్మరికి తోలు ముసుగు ఇవ్వకుండా కొలిమి ముందు కూర్చోబెడతామా?

ఎన్ని జాగ్రత్తలు తీసుకొన్నా కాలడమంటూ జరిగితే, వెంటనే కుళాయి క్రింద ధారగా పారే చల్లని నీటిలో ఇరవై నిమిషాల పాటు ఉంచాలని వైద్యులు చెబుతారు. మంచుగడ్డ పెట్టరాదు. సిరా, పళ్ళపొడి ముద్ద, పసుపు, నూనె పూయరాదు. కరిగిన బట్ట చర్మానికి అంటుకొని ఉంటే లాగరాదు. అట్లాగే నీటి క్రింద ఉంచి వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. బొబ్బలను చిదపరాదు.

విద్యుత్ స్కూటర్లకు పొగగొట్టమే ఉండదు కనుక కొంత కాలానికి ఈ బెడద తగ్గుతుందని ఆశపడుతున్నాను. అంతవరకు మన వీధులలో ఉన్నవి ఎక్కువగా పెట్రోలు బండ్లే. ఖరీదైన దుస్తులు కొనమని నేను అనడం లేదు. ఇంట్లో ఉన్న బట్టలలోనే బండికి తగినది ఏదో, తగనిది ఏదో వేరు చేసి, తలుపు దగ్గర ఒక కొయ్యకు ముతక నూలు లాగు ఒకటి తగిలించి ఉంచమంటున్నాను. వెనుక కూర్చొనేవారి బట్టలను కూడా తాళం తిప్పేముందు ఒకసారి చూడమంటున్నాను. బండి నడిపేవాడి బాధ్యత తన సీటుతో ముగియదు.

నేతపని తెలిసిన మిత్రులు, వాహనాలతో దూరప్రయాణాలు చేసిన మిత్రులు మనలో ఉన్నారు. మీ అనుభవంలో ఏ బట్ట ఎంతవరకు నిలిచిందో వ్యాఖ్యలలో తెలుపగలరు. నా అభిప్రాయంతో విభేదించేవారు కూడా నిస్సంకోచంగా వ్రాయవచ్చు.

స్వస్తి.